సారె పడవ మీద వెలుగు

దెయ్యాల కథలు వినడం నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. చెప్పేవాళ్ళ పక్కన చేరి, పకోడీలు తింటూ, అడ్డుప్రశ్నలు వేసి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఇంకా ఇష్టం. మా ఇంట్లో ఎవరికైనా కలలో చనిపోయినవాళ్ళు కనిపిస్తే ఆ సంగతి నా దాకా రానిచ్చేవారు కాదు. "దానికి చెప్పకండి, రాత్రి ఏం తిని పడుకున్నారని అడుగుతుంది" అనేది అమ్మ. నిజమే, ఇప్పటికీ అదే అడుగుతాను.

కాబట్టి ఇప్పుడు నేను రాసేది చదివి నన్ను ఎవరైనా ఆ ప్రశ్నే అడిగితే తప్పుపట్టను. ఆ రోజు పొద్దున్న నేను తిన్నది రెండు పెసరట్లు. ఒంట్లో జ్వరం లేదు. ముందు రాత్రి హాయిగా నిద్రపోయాను. జరిగింది పట్టపగలు.

నేను ఒక విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర పాఠాలు చెబుతాను. అంటే బొమ్మలు గీయడం నేర్పను. ఎప్పుడో ఎవరో వేసిన బొమ్మల్ని చూసి, అవి ఏ కాలానివి, ఎవరు వేయించారు, ఎందుకు వేయించారు అన్నది తేల్చడం నా పని. పెళ్ళిళ్ళలో "నువ్వేం చేస్తున్నావమ్మా" అని అడిగినవాళ్ళకి ఇదంతా వివరించేసరికి పంక్తి లేచిపోతుంది. అయినా నాకు ఈ ఉద్యోగమంటే ప్రాణం. చాలా ఏళ్ళు గంటల లెక్కన పాఠాలు చెప్పి, ప్రతి వేసవికీ ఉంటుందో ఊడుతుందో తెలియని బతుకు బతికి, చివరికి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు సంపాదించుకున్నదాన్ని.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన, వచ్చాక దేని మీద పరిశోధన చేస్తారని అడిగారు. కోనసీమలో ఒక చిన్న గుడి ఉంది, దాని ముఖమండపం గోడ మీద సున్నం కింద పాత బొమ్మలున్నాయి, వాటి గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "మీరు చూశారా?" అన్నారు. చూశానని చెప్పాను.

అది అబద్ధం కాదు. పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆ గోడకి అరచేయంత మేర సున్నం పెచ్చు రాలి ఉంది. లోపల ఎర్రటి లతా, ఒక హంస మెడా కనిపించాయి. అంత అందమైన గీతని నేను చాలా తక్కువ చోట్ల చూశాను. ఆ హంస మెడని పట్టుకునే ఇంటర్వ్యూ ఒడ్డెక్కాను. కానీ ఉద్యోగంలో చేరాక ప్రొబేషన్ ఉంటుంది. ఆ గడువు లోపల ఆ గోడ మీద నివేదిక ఇవ్వాలి. గోడ మీద బొమ్మలున్నట్టు చూపలేకపోతే నా మాట ఉత్తి మాట అయిపోతుంది. ఉద్యోగం సంగతి ఆ తరువాత దేవుడెరుగు.

ఊరు పి.గన్నవరానికి దగ్గరలోనే ఉంది. పేరు రాయనని గుడి కమిటీవారికి మాటిచ్చాను. అది మా పిన్ని అత్తవారి ఊరు. ఊరి చివర గోదావరి పాయ, పాయకి అవతల లంక. అమ్మా పిన్నీ పుట్టింది ఆ లంకలోనే. అమ్మ పెళ్ళయి హైదరాబాదు వచ్చేసింది, నేను అక్కడే పెరిగాను. పిన్ని మాత్రం ఏరు దాటి ఇవతలి ఒడ్డున కాపురం పెట్టి, రోజూ మేడ మీదనుంచి పుట్టినూరి కొబ్బరితోటలు చూసుకుంటూ ఉంటుంది.

వేసవి సెలవులు ఇవ్వగానే కెమెరా, దీపాలు, కొలతల టేపు సర్దుకుని వెళ్ళాను. వెళ్ళి వేణుగోపాలస్వామి గుడి ఆవరణలో అడుగుపెట్టేసరికి గుండె ఆగినంత పనయింది. ధ్వజస్తంభం పక్కన టైల్స్ పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి.

మస్కట్‌లో పనిచేస్తున్న ఊరివాడొకాయన మొక్కుకుని పంపించాడట. స్వామివారి కల్యాణం లోపల మండపం గోడలకి కింద నుంచి పైదాకా టైల్స్ అతికించేయాలని కమిటీ తీర్మానం. సోమవారం నుంచి తాపీమేస్త్రి వస్తాడు. నేను దిగింది గురువారం.

కమిటీ ప్రెసిడెంటుగారు మంచి మనిషి. కోప్పడటానికి వీలివ్వనంత మర్యాద. కుర్చీ వేయించి, కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చి, అప్పుడు చెప్పారు.

"సున్నం అయితే ఏటేటా వెయ్యాలండి. ఆనుకున్నోళ్ళ బట్టలకి అంటుతుందండి. టైల్స్ అయితే తడిగుడ్డ పెట్టి తుడిచేసుకోవచ్చండి."

"లోపల పాత బొమ్మలున్నాయండీ."

"ఉన్నాయంటే మాకు మటుకు సంతోషం కాదా అండి? చూపించండి, మేస్త్రిని ఆపేస్తాను. ఏవీ కనపడకపోతే, ఆ మస్కట్ ఆయనకి నేనేం చెప్పుకోనండి?"

ఆయన అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. నేను ముందు చూసిన హంస ఉన్నచోటు కూడా ఇప్పుడు తెల్లగా ఉంది. కల్యాణానికి ముందు గుడికి సున్నం వేయడం ఆ ఊళ్ళో భక్తితో చేసే పని. ఇంటికొకరు వచ్చి తలో చెయ్యీ వేస్తారు. అంత భక్తిగానూ, తరాల తరబడి, ఒక బొమ్మల గోడని పూడ్చేశారు.

ఆ రోజు సాయంత్రం దాకా నా కరెంటు దీపాలతో తంటాలు పడ్డాను. ఎంత వెలుగు వేస్తే గోడ అంత తెల్లగా మెరిసింది తప్ప ఏమీ కనిపించలేదు. శుక్రవారమూ అంతే. అప్పుడు మా గురువుగారు నేర్పిన పాత పద్ధతి గుర్తొచ్చింది. చీకటి మండపాల్లో ఆయన అద్దంతో ఎండని లోపలికి పట్టించేవారు. ఎండ పక్కనుంచి, గోడని రాసుకుంటూ పడితే, సున్నం పొర పలచగా ఉన్నచోట కింది రంగు గీతలు ఉబ్బెత్తుగా తేలతాయి. బయట ఒకరు అద్దం పట్టుకోవాలి, లోపల ఒకరు చూడాలి. ఇద్దరికీ ఓపిక కావాలి.

పిన్నిని అడిగాను. పట్టుకోవడానికి సరేనంది గాని అద్దం అనేసరికి మొహం అదోలా పెట్టింది.

"ఇంట్లో మొహాలు చూసుకుని బొట్లు పెట్టుకునే అద్దం గుళ్ళోకి తెస్తావా? బాగానే ఉంది నీ చదువు!"

నా చదువుని కాసేపు అలా దులిపాక, తనే అటక మీదనుంచి పెద్ద ఇత్తడి పళ్ళెం దించి, చింతపండు వేసి రుద్ది రుద్ది తళతళలాడించింది. నాకు అనుమానంగానే ఉంది గాని, శనివారం పొద్దున్న ఆ పళ్ళెం మీంచి మండపంలో పడిన వెలుగు చూశాక పిన్నికి మనసులోనే దండం పెట్టుకున్నాను. అద్దం వెలుగు కంట్లో గుచ్చుకుంటుంది. ఇది పసుపుగా, మెత్తగా ఉంది.

ఇక్కడ ఎవరు ఎటున్నారో కొంచెం శ్రద్ధగా చెప్పాలి. గుడి తూర్పు ముఖం. మండపానికి ఉన్నది ఒక్కటే వాకిలి, అదీ తూర్పునే. కిటికీలు లేవు. నేను ఉత్తరపు గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అంటే వాకిలి నా కుడిచేతి వైపు. ఎడమచేతి వైపు గర్భగుడి ఉన్న పడమటి గోడ. పొద్దుటి పూజ అయిపోయి అర్చకులు గారు గర్భగుడికి తాళం వేసుకుని ఇంటికెళ్ళిపోయారు. మండపంలో నేనొక్కదాన్నే. పిన్ని వాకిలి బయట, ధ్వజస్తంభం దగ్గర, నెత్తిన కొంగు వేసుకుని పళ్ళెం పట్టుకుని నిలబడింది.

"కొంచెం పైకి పిన్నీ" అంటే వెలుగు పైకి జరిగేది. "ఇంకొంచెం లోపలికి" అంటే లోపలికి వచ్చేది. నేను వెనక్కి తిరగకుండా కెమెరాలోంచి చూస్తూ చెబుతున్నాను. మొదట్లో పిన్ని ప్రతిదానికీ ఏదో ఒకటి అనేది. చెయ్యి లాగేస్తోందనీ, మీ గురువుగారికి వేరే పనే లేదా అనీ. తరవాత తరవాత మాట్లాడటం మానేసింది. అలిసిపోయి ఉంటుందనుకున్నాను.

లత కొంత తేలింది. ఒక ఏనుగు కాలు. ఒక గొడుగు అంచు. అవి చూసి నాకు ఒళ్ళు పులకరించింది గాని, ప్రెసిడెంటుగారికి చూపిస్తే మరక అంటారు. "మధ్యలోకి తీసుకురా పిన్నీ" అన్నాను. వెలుగు మధ్యలోకి వచ్చింది. అక్కడ ఏమీ లేదు. నేను ఇంకేదో చెప్పబోతూండగా అది తనంతట తను ఎడమవైపు జరగడం మొదలుపెట్టింది.

"అటు కాదు పిన్నీ" అన్నాను. ఆగలేదు. మెల్లగా వెళ్ళి గోడ చివర మూల మీద నిలబడింది. ఆ మూల పల్లకీ బొంగులు ఆనించి ఉంటాయి. అక్కడ చూడాలన్న ఆలోచన కూడా నాకు లేదు. "అక్కడేముంది, బొంగులు తప్ప? ఇటు తిప్పు" అని విసుక్కున్నాను. వెలుగు కదల్లేదు. పిన్ని మొండితనం నాకు కొత్త కాదు. సరే కానీ అనుకుని వెళ్ళి బొంగులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను. అంతసేపూ వెలుగు అక్కడే ఉంది.

చివరి బొంగు తీశాక చూస్తే గోడ మీద పడవ ఉంది.

గీతలు కాదు, మరకలు కాదు. పడవ. తెరచాప, చుక్కాని, నీళ్ళలో చేపలు. పడవలో ఆడవాళ్ళు, తలల మీద బుట్టలూ చేటలూ. అందరూ ముందుకి చూస్తున్నారు. చివర కూర్చున్న ఒక్కావిడ మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. ఆ మెడ తిప్పిన తీరులో, ముందు నేను చూసిన హంస వేసిన చెయ్యే కనిపించింది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. ఫొటోల మీద ఫొటోలు తీశాను. "పైకి" అంటే తెరచాప మీదికి వెళ్ళింది. "కిందకి" అంటే చేపల మీదికి వచ్చింది.

అంతా అయ్యాక, అప్పుడు కూడా వెనక్కి తిరగకుండానే, "చాలు పిన్నీ, నీ చేతులు పడిపోయి ఉంటాయి, ఇంక దించెయ్" అన్నాను. వెలుగు మెల్లగా గోడ దిగి, నేల మీదికి వచ్చి, ఆరిపోయింది. బరువైనది ఎవరో జాగ్రత్తగా కింద పెట్టినట్టు.

కెమెరా మెడలో వేసుకుని సంతోషంగా వాకిట్లోకి వచ్చాను. బయట ఎండ లేదు. ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది. గాలికి కొబ్బరిమట్టలు కొట్టుకుంటున్నాయి. ధ్వజస్తంభం దగ్గర ఎవరూ లేరు.

ముందు నాకు ఏమీ అనిపించలేదు. ఇప్పుడే మబ్బేసింది కాబోలు, పిన్ని ఇప్పుడే వెళ్ళింది కాబోలు అనుకున్నాను. అంతలో వీధి మలుపులో పిన్ని, గొడుగు పట్టుకుని గబగబా వస్తూ కనిపించింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? మబ్బేసి చాలాసేపయింది కదే! చీకట్లో ఏం చేస్తున్నావు?"

"నువ్వెప్పుడు వెళ్ళావు?"

"చెప్పే వెళ్ళేను కదా. మాగాయ ముక్కలు మేడ మీద ఎండబెట్టేను, వాన పడితే నాశనం అయిపోతాయి, వెళ్ళొస్తానే అని కేకేసేను. లోపల్నించి ఆయ్ అన్నావు."

నాకు ఆ కేకే వినపడలేదు. పైగా నేను హైదరాబాదులో పెరిగినదాన్ని. నా నోటివెంట 'ఊఁ' వస్తుంది, 'సరే' వస్తుంది, 'ఓకే' వస్తుంది. కోనసీమవాళ్ళలా ఆయ్ అని నేను జీవితంలో ఎప్పుడూ అనలేదు. ఆ మాట పిన్నికే చెప్పాను. పిన్ని కాసేపు ఆలోచించి, "ఆడ గొంతే. నువ్వే అనుకున్నాను" అంది.

"పళ్ళెం ఏది?"

దానికి పిన్ని తల పట్టుకుంది. వాన వచ్చేస్తుందన్న కంగారులో మాగాయ ముక్కలన్నీ ఆ ఇత్తడి పళ్ళెంలోకే ఎత్తేసిందట. ఇంటికి వెళ్ళి చూశాం. వంటింటి గట్టు మీద పళ్ళెం నిండా ముక్కలు. వాటిని తీసేస్తే, పొద్దున్న అంత తళతళలాడిన పళ్ళెం పులుపు తగిలి కిలుమెక్కి పచ్చపచ్చగా మచ్చలు పడి ఉంది. ఆ ముక్కలన్నీ పారబోయాల్సి వచ్చింది. నా బొమ్మల మూలాన మాగాయ పోయిందని పిన్ని ఇప్పటికీ అంటుంది.

బయట వాన దంచేస్తోంది. నేను వంటింట్లోనే పీట మీద కూర్చుని ఫొటోలు చూడటం మొదలుపెట్టాను. ఎవరి స్కూటర్ అద్దమో, మబ్బు సందున పడిన ఎండో, ఏదో ఒకటి ఉండి ఉంటుంది. బొమ్మలో వెలుగు ఏ వైపునుంచి పడుతోందో చెప్పడం మా చదువులో మొదటి పాఠం. ఆ మాత్రం తేల్చలేనా అనుకున్నాను.

ఆ గోడకి నడిమధ్య, ఎప్పుడో గడియారం తగిలించడానికి కొట్టిన ఇనప మేకు ఒకటి ఉంది. పొద్దుటి ఫొటోల్లో దాని నీడ ఎడమవైపు పడింది. అలాగే పడాలి. వెలుగు కుడివైపు వాకిట్లోంచి వస్తోంది కదా. పడవ కూడా కలిసి వచ్చేలా దూరం నుంచి తీసిన ఫొటోల్లో ఆ మేకు నీడ కుడివైపు పడింది. అంటే వెలుగు నా ఎడమవైపునుంచి వచ్చింది. పడమటి గోడ వైపునుంచి. అక్కడ తాళం వేసిన తలుపు, తలుపు పక్కన ఉత్త గోడ. నీడ పొడవు, వాలు బట్టి చూస్తే, ఆ వెలుగు మనిషి నడుము దగ్గర పళ్ళెం పట్టుకుంటే ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తులోంచి వస్తోంది.

ఫొటో తిరగబడిందేమో అని చూశాను. తిరగబడలేదు. నాకు భయం వేసిందా అంటే, వేయలేదు. వంటింట్లో పిన్ని పక్కనే సణుగుతూ ఉంటే భయం వేయడం కష్టం.

మర్నాడు ఆదివారం. కమిటీవారు మండపంలో కూర్చున్నారు. వెలుగు సంగతి నేను ఎత్తలేదు. ల్యాప్‌టాప్‌లో ఫొటో చూపించాను. ప్రెసిడెంటుగారు ఫొటో చూశారు, మూలకి వెళ్ళి గోడ చూశారు, మళ్ళీ ఫొటో చూశారు. గోడ తెల్లగా ఉంది. ముసురు పట్టి ఎండ లేదు.

"ఇది ఈ గోడే అని ఎలాగండి నమ్మడం?" అన్నారు. అంతలో మేకు ఆయన కంటపడింది. "ఈ మేకు నేను కొట్టించిందేనండి" అని ఆయనే ఆశ్చర్యపోయారు. అయినా, కంటికి కనపడని బొమ్మ కోసం మొక్కు ఆపడమంటే ఆయనకి కష్టంగానే ఉంది. పెద్దలు తలా ఒక మాటా అన్నారు. మాట టైల్స్ వైపే మొగ్గుతోంది. సోమవారం ఇంక ఒక్క రాత్రి దూరం. నా ఉద్యోగం, ఆ హంస, ఆ పడవ, అన్నీ నా కళ్ళముందే పోతున్నాయనిపించింది.

అప్పుడు పిన్ని వీధిలో ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని ల్యాప్‌టాప్ మీదికి వంగి, ఒక్కసారి "అమ్మో!" అంది. ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉన్న పిన్నిని నేను అప్పుడే చూడటం.

పక్కనున్న ప్రెసిడెంటుగారి భార్య చూసి, "ఇది మన సారె పడవ కదండీ" అంది.

ఆ ఊళ్ళో అమ్మవారికి పుట్టిల్లు అవతలి లంక. ఏటా కల్యాణానికి ముందు లంకలోని ఆడవాళ్ళు పుట్టింటి సారె పట్టుకుని, పడవెక్కి ఏరు దాటి వస్తారు. చీరె, పసుపుకుంకాలు, చలిమిడి, చేటలో పళ్ళు. పడవ చివర ఒక పెళ్ళికాని పిల్లని కూర్చోబెడతారు. ఆ పూటకి ఆ పిల్లే అమ్మవారు. పుట్టిల్లు వదిలి వెళ్తున్న ఆడపిల్ల కాబట్టి, ఏటి మధ్యకి వచ్చేదాకా ఆ పిల్ల లంక వైపే చూస్తూ ఉండాలి. మధ్యకి వచ్చాక హారతి ఇచ్చి ముందుకి తిప్పుతారు. ఇప్పుడు మోటారు పడవలో వస్తున్నారు గాని, చివర కూర్చున్న పిల్ల వెనక్కి చూడటం మాత్రం మానలేదు.

పిన్ని తన పెళ్ళికి ముందు ఏడాది ఆ చోట కూర్చుందట. మరుసటి ఏడు అదే ఏరు దాటి ఈ ఊరికే కోడలిగా వచ్చింది. ఇవన్నీ నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బొమ్మలో వెనక్కి చూస్తున్న ఆ మనిషిని వేలితో తాకి, "ఇలాగే ఏడుపొచ్చేది" అని కళ్ళు తుడుచుకుంది.

ఆ తరువాత వాదన లేదు. ప్రెసిడెంటుగారి భార్య లేచి నిలబడి, "ఆ గోడ జోలికి ఎవరైనా వెళ్ళేరంటే ఊరుకోను. అర్థమైందా అండీ?" అని భర్తవైపు చూసింది.

"ఆయ్" అన్నారు ప్రెసిడెంటుగారు.

టైల్స్ ప్రసాదాల వంటశాలకి వేశారు. మస్కట్ ఆయన కూడా సంతోషించాడు. ఆయన తల్లి లంక ఆడపడుచే.

చలికాలంలో అనుమతులన్నీ వచ్చాక, పాత బొమ్మల మీద సున్నం తీయడం తెలిసిన నిపుణుడొకాయన వచ్చి పని మొదలుపెట్టారు. ముందు మూల నుంచే మొదలుపెట్టమన్నాను. సన్నటి పనిముట్లతో, పొరలు పొరలుగా, రోజుల తరబడి తీశారు. పడవ బయటపడింది. తెరచాప, చుక్కాని, చేపలు, బుట్టలు, వెనక్కి చూసే ఆడమనిషి, అన్నీ ఫొటోలో ఉన్నవి ఉన్నట్టుగా ఉన్నాయి. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. పిన్ని రోజూ వెళ్ళేది.

పని చివర్లో ఆయన నన్ను పక్కకి పిలిచారు. ఏటా సున్నం వేశాక మిగిలిపోయిన చిక్కటి సున్నాన్ని ఆ మూల కొట్టేసేవారట, పల్లకీ బొంగులు అడ్డం ఉంటాయి, ఎవరికీ కనపడదు కదా అని. అందువల్ల గోడ మొత్తం మీద అక్కడే సున్నం బొటనవేలంత మందాన ఉంది. తీసిన పెచ్చు నా చేతిలో పెట్టారు. ఇటుకముక్కలాగా బరువుగా ఉంది.

"మీ నివేదిక చిత్తుప్రతిలో ఆ పడవ ఫొటో కింద తేదీ తప్పు పడింది మేడమ్" అన్నారు. "వేసవి అని వేశారు. ఈ మందం సున్నం ఉండగా ఏ ఎండా, ఏ దీపమూ ఆ గీతలు చూపించలేవు. అది సున్నం తీశాక తీసిన ఫొటో అయ్యుండాలి."

కెమెరా తెచ్చి చూపించాను. అందులో తేదీ వేసవిదే. ఆయన చాలాసేపు చూసి, వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

తరువాత నాకు తెలిసినవాళ్ళనందరినీ అడిగాను. భౌతికశాస్త్రం చెప్పే సహోద్యోగి ఫొటోలన్నీ పట్టుకెళ్ళి, కొన్నాళ్ళు ఉంచుకుని, మేకు నీడ విషయం నువ్వు చెప్పిందే నిజం అని తిరిగిచ్చాడు. అర్చకులు గారు విని చిన్నగా నవ్వి ఊరుకున్నారు. అమ్మవారని కొందరు, బొమ్మ వేసిన మనిషని కొందరు అన్నారు. నేను ఏదీ అనలేను. నాకు తెలియదు.

మా పరిశోధనల్లో ప్రతి ఫొటో కిందా అది ఏ వెలుగులో తీసిందో రాయడం ఒక పద్ధతి. మొదటి ఫొటోల కింద 'ఇత్తడి పళ్ళెం మీంచి ఎండ' అనీ, పట్టుకున్నవారి చోట పిన్ని పూర్తి పేరూ రాశాను. పడవ ఫొటో దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మా శాఖాధిపతి, అక్కడ కూడా పళ్ళెం అని రాసేస్తే గొడవ వదిలిపోతుంది కదమ్మా, ప్రొబేషన్ గడువు దగ్గరపడుతోంది అన్నారు. మంచికే చెప్పారు. రాయబోయాను కూడా. అంతకుముందు ఒకసారి పిన్నికి ఫోన్ చేశాను.

"అన్నిటికన్నా మంచి ఫొటో కింద నా పేరు వేస్తే నీ సొమ్మేం పోయిందే?" అంది ముందు.

"అది నువ్వు పట్టుకోలేదు కదా పిన్నీ."

పిన్ని మేడ మీద ఉన్నట్టుంది, కొబ్బరిచెట్ల గాలి వినిపించింది. తరువాత, ఎవరో ఇంటికొచ్చిన మనిషి గురించి మాట్లాడుతున్నంత మామూలుగా అంది.

"అయితే ఆ చోటు ఖాళీగా ఉంచు. పాపం అంతసేపు చేతులు నొప్పెట్టేలా పట్టుకుంది. వేరేవాళ్ళ పేరు వేస్తే ఏం బావుంటుంది? ఎప్పుడో ఆవిడే చెబుతుంది, అప్పుడు రాద్దువు గాని."

నివేదిక అలాగే ఇచ్చాను. ఉద్యోగం ఖాయమైంది. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.